మైకులో చెప్పని మాట

రిఫరీ గారు పోయారన్న కబురు నాకు స్కూలు గ్రౌండులో తెలిసింది. ప్రార్థన అయిపోయి, ఎనిమిదో తరగతి పిల్లల్ని డ్రిల్లుకి నిలబెట్టానో లేదో సెల్ మోగింది. అవతల కొత్తపేట నుంచి ఒక పాత అంపైరు. "మేడం గారండీ, మన రిఫరీ గారు తెల్లారగట్ల పోయేరండి. నిద్రలోనేనంట" అన్నాడు. "అలాగా" అన్నాను. ఫోను పెట్టేసి ఈల ఊదాను. పిల్లలందరూ బిగుసుకుపోయి నా మొహం చూశారు. ఎందుకు ఊదానో నాకే తెలియదు. కాసేపటికి ముందు వరసలో ఒక పిల్ల "కూర్చోమంటారా మేడం" అని అడిగితే కూర్చోమన్నాను. నేను మాత్రం గంట కొట్టేదాకా గ్రౌండు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

ఈ నాలుగు మాటలు రాయడానికి పది రోజుల నుంచి కుర్చీలో కూర్చుంటున్నాను, లేస్తున్నాను. పొయ్యి మీద ఏదో పెట్టి మరిచిపోయినదానిలా వంటింట్లోకి వెళ్ళి, ఏమీ లేదని చూసుకుని వస్తున్నాను. ఆయన గురించి మంచి మాటలు చాలామంది చెప్తారు. నేను చెప్పాల్సింది మంచి మాట ఒక్కటే కాదు. ఆయనకి నేను చేసిన అన్యాయం ఒకటుంది. అది కూడా చెప్పాలి. అందుకే ఈ కుదురులేనితనం.

ఆయన్ని ఎరగనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరు. వారమంతా కాలువ గట్ల మీద సైకిలు తొక్కుకుంటూ తిరిగేవారు. ఆదివారం వస్తే తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, సుద్ద పూసిన కాన్వాసు బూట్లు. తొంభైల్లో అమలాపురం నుంచి రాజోలు దాకా ఏ ఊళ్ళో కబడ్డీ పోటీ పెట్టినా పిలిచేది ముందు ఆయన్నే. ఆయనకి పేరుంది, చక్కటి పేరు. కానీ మా ఆటవాళ్ళెవరమూ ఆ పేరు వాడినట్టు నాకు గుర్తు లేదు. రిఫరీలు పదిమంది ఉండొచ్చు, రిఫరీ గారంటే ఆయనే.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, కొత్తపేట దగ్గర ఒక బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేరి ఏడాది కూడా కాలేదు, మొదటిసారి పిల్లల జట్టుని వెంటబెట్టుకుని పోటీకి వెళ్ళాను. కొబ్బరితోటల మధ్య ఖాళీ జాగాలో కొబ్బరి పొట్టు పరిచి, సున్నంతో గీతలు గీశారు. ఆట మొదలైన రెండు నిమిషాలకే నేను బెంచీ వదిలేశాను. కేకలేస్తూ గీత పక్కన పరుగులు. ఎప్పుడు గీత దాటి లోపలికి వచ్చానో నాకు తెలియదు. వేరే రిఫరీ అయితే ఈల ఊది, వేలు చూపించి, జనమందరి ముందూ బయటికి పొమ్మనేవాడు. ఈయన అలా చెయ్యలేదు. మా పిల్ల కూతకు వెళ్ళి తిరిగొచ్చాక, రెండో జట్టు సర్దుకునే ఆ కాస్త సందులో నెమ్మదిగా వచ్చి నా పక్కన నిలబడ్డారు. చేతులు వెనక్కి కట్టుకుని, నావైపు కాకుండా ఆటవైపు చూస్తూ, పెదాలు కదిలీ కదలకుండా అన్నారు.

"కోచ్ గారండీ, తమరు మూడడుగులు లోపలికి వచ్చేసేరండి. నేను చూడలేదనుకుంటాను. తమరు వెనక్కి వెళ్ళింది కూడా ఎవరూ చూడలేదనుకోండి."

నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. నన్ను 'గారు' అన్న మొదటి మగమనిషి ఆయనే. మా హెడ్మాస్టరు గారు 'ఏమ్మా డ్రిల్లూ' అని పిలిచేవారు. వెనక్కి నడిచి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. నిజంగానే ఎవరూ చూడలేదు.

కోచ్‌లతో మాట్లాడ్డానికి ఆయనకో పద్ధతి ఉండేది. ఎప్పుడూ ఎదురుగా నిలబడరు. పక్కన నిలబడతారు. ఒకసారి టీ దుకాణం దగ్గర అడిగాను, ఎందుకండీ అలాగ అని. "ఎదురెదురుగా నిలబడితే దెబ్బలాటండి. పక్కపక్కన నిలబడితే ఇద్దరం ఆట చూస్తున్నట్టేనండి" అన్నారు. మనం ఎంత అరిచినా మధ్యలో ఆపరు. ఊపిరి అయిపోయేదాకా వింటారు. చివర "ఆయ్" అంటారు. ఆ తర్వాత "విన్నానండి. నిర్ణయం అదేనండి" అని వెళ్ళిపోతారు. ఒళ్ళు మండిపోయేది. రాయవరం వైపు నుంచి వచ్చే ఒక కోచ్ అనేవాడు, ఈయనతో దెబ్బలాడ్డం కంటే గోడతో దెబ్బలాడ్డం నయం, గోడ మనల్ని అండీ అనదు కదా అని.

ఇంకో అలవాటు బూటు తాడుది. కోచ్‌కి రహస్యంగా ఏదైనా చెప్పాల్సొస్తే, ఆట ఆగిన క్షణంలో ఆ బెంచీ దగ్గరకొచ్చి ఒంటి మోకాలి మీద కూర్చునేవారు. శుభ్రంగా కట్టి ఉన్న తాడే విప్పి మళ్ళీ కట్టుకుంటూ నేలకేసి చూస్తూ మాట్లాడేవారు. చూసే జనానికి రిఫరీ గారి బూటు ఊడిందనిపించాలి, అంతే. 'మీ అమ్మాయి గోళ్ళు తీయించండి, ఎదటిపిల్ల చెయ్యి గీరుకుంది.' 'ఎడం మోకాలు ఈడుస్తోంది చూసుకోండి.' ఎత్తుగడల సంగతి ఒక్క మాట ఉండేది కాదు. ఎప్పుడూ పిల్లల ఒంటి సంగతే. ఆ బూటు తాడు గురించి మేమంతా నవ్వుకునేవాళ్ళం. కొత్త బూట్లు కొనిద్దామని చందాలేస్తామని ఆటపట్టిస్తే ఆయన కూడా నవ్వేవారు.

ఒక కార్తీక సోమవారం నాడు నా బెంచీ దగ్గర కూడా బూటు తాడు ఊడింది. "మీ మూడో నంబరు అమ్మాయి పొద్దుణ్ణించీ ఏమీ తిన్నట్టు లేదండి. కళ్ళు తిరుగుతున్నాయి. నేను ఆపితే సిగ్గుపడుతుంది. తమరే పిలవండి" అన్నారు. పిలిచి అడిగితే నిజమే. ఉపవాసం. నక్షత్రం కనపడేదాకా మంచినీళ్ళు కూడా ముట్టనని వాళ్ళ నాయనమ్మకి మాటిచ్చిందట. దాన్ని కూర్చోబెట్టి ఇంకో పిల్లని దింపాను. అది కోర్టులోనే పడిపోయి ఉంటే ఆ ఇంట్లోవాళ్ళు మళ్ళీ దాన్ని ఆటకి పంపేవారా? ఆయన మాట వల్ల నాకు జరిగిన మేలు అది. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత నేను చేసిన పని మీరు సరిగ్గా తూచాలి.

తొంభైలు సగం దాటాక రాజోలు వైపు ఒక ఊళ్ళో బాలికల పోటీలు జరిగాయి. మా స్కూలు జట్టు మొదటిసారి ఫైనల్‌కి వచ్చింది. ఆడపిల్లలు నిక్కర్లేసుకుని పదిమందిలో ఆడ్డమేమిటని సణిగిన తండ్రులు కూడా ఆ రోజు పని మానుకుని వచ్చి తోట గట్టు మీద కూర్చున్నారు. మధ్యాహ్నం ఎండ. మైకులో ఒకాయన ఊపిరి తిప్పుకోకుండా వ్యాఖ్యానం చెప్తున్నాడు. ఆట ముగియడానికి ఆరు నిమిషాలుందనగా మేం నాలుగు పాయింట్లు పైన ఉన్నాం. అవతలి జట్టులో ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరూ కూడా అవుటయితే ఇంక మమ్మల్ని అందుకోలేరు. ఆ ఇద్దరిలో ఒకతి వాళ్ళ ఏడో నంబరు అమ్మాయి. పదహారేళ్ళుంటాయేమో, జింకలా దూకేది. వాళ్ళ బలమంతా ఆ పిల్లే. అప్పుడే కూతకొచ్చి, ఎవర్నీ ముట్టుకోలేక ఉత్త చేతుల్తో వెనక్కి వెళ్ళి, కాస్త వంగి నిలబడింది.

రిఫరీ గారు ఈల ఊదారు. ఆట ఆపారు.

ఎందుకాపారో ఎవరికీ అర్థం కాలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆయన తిన్నగా అవతలి బెంచీకి నడిచారు. మోకాలి మీద కూర్చుని బూటు తాడు విప్పారు. అవతలి కోచ్ మొహం మారిపోవడం నాకు ఇక్కణ్ణించి కనపడింది. అతను తన టవలు తీసుకుని పరుగెత్తి ఏడో నంబరు అమ్మాయి నడుంచుట్టూ కప్పి, పక్కనున్న ఇంట్లోకి తీసుకుపోయాడు. ఆ ఇంటావిడ తలుపేసింది. నిమిషం కాదు, రెండు కాదు, ఏడెనిమిది నిమిషాలు. నా పిల్లల చెమట ఆరిపోయింది, ఊపు చల్లారిపోయింది. అవతలివాళ్ళు కూర్చుని నీళ్ళు తాగారు. ఏడో నంబరు అమ్మాయి పొడుగు ప్యాంటు వేసుకుని తిరిగొచ్చింది. ఆట మళ్ళీ మొదలయ్యాక ఆ పిల్ల ఒక్కతే ఐదుగుర్ని కొట్టింది. మేం ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

టవలు చూశాను. ప్యాంటు మార్చుకుని రావడం చూశాను. నేనూ ఆడదాన్నే, రోజూ ఆడపిల్లల మధ్య తిరిగేదాన్ని. నాకు తట్టలేదు. తట్టలేదో, నేనే తట్టనివ్వలేదో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నాకు కనపడిందల్లా బూటు తాడు. ఎదటి కోచ్ చెవిలో ఏదో ఊదారు, ఊపిరి తీసుకోమని టైమిచ్చారు, ఆటని వాళ్ళ చేతిలో పెట్టారు. నాతో మాట్లాడితే మంచితనమూ, ఎదటివాడితో మాట్లాడితే కుట్రా. అప్పటి నా బుద్ధి అంతే.

చివరి ఈల మోగగానే కోర్టులోకి దూసుకెళ్ళాను. ఆయన ఎప్పట్లాగే నా పక్కకొచ్చి నిలబడ్డారు. నేను ఆయనకెదురుగా తిరిగాను. ఆయన మళ్ళీ పక్కకి జరిగారు. నేను మళ్ళీ తిరిగాను. అలా ఇద్దరం గుండ్రంగా తిరుగుతుంటే జనం నవ్వారు. ఆ నవ్వుతో నాకు పిచ్చెక్కింది.

"వాళ్ళ చెవిలో ఏం చెప్పేరండీ?" అని అరిచాను. "చెవిలో చెప్పింది మైకులో చెప్పండి. అందరం వింటాం."

గట్టు మీదున్న మా ఊరివాళ్ళు అందుకున్నారు. మైకులో చెప్పండి, మైకులో చెప్పండి అని ఒకటే గోల. వ్యాఖ్యానం చెప్పే ఆయన నిజంగానే మైకు తెచ్చి ఆయన మూతి ముందు పెట్టాడు. రిఫరీ గారు మైకుని ఒక చేత్తో పక్కకి జరిపారు.

"ఆట ఆపింది నేనండి. ఎందుకాపేరని అడగడం తమరి హక్కండి. నేను చెప్పను" అన్నారు. తర్వాత స్కోరు రాసే బల్ల దగ్గరికి వెళ్ళి, ఒక తెల్లకాయితమూ పెన్నూ తెచ్చి నా చేతికిచ్చారు. "ఫిర్యాదు రాసివ్వండి కోచ్ గారండీ. ఇక్కడే రాసివ్వాలి. ఇంటికెళ్ళి రాస్తే చెల్లదండి."

ఆయనిచ్చిన కాయితం మీదే ఆయన మీద ఫిర్యాదు రాశాను. నిలబడే రాశాను. రాసినదాంట్లో 'పక్షపాతం' అన్న మాట మూడుసార్లుంది.

రెండు వారాల తర్వాత అమలాపురంలో విచారణ పెట్టారు. ఒక బట్టల దుకాణం మేడ మీద గది. కబడ్డీ సంఘం పెద్దలు ఐదుగురు. ఆట ఎందుకాపారని అడిగితే ఆటగత్తె ఆరోగ్యం కోసమన్నారు రిఫరీ గారు. ఏం ఆరోగ్యమని అడిగితే అంతవరకే చెప్తానన్నారు. ఎన్నిరకాలుగా అడిగినా అంతే. అవతలి కోచ్‌ని పిలిచారు. అతను తడుముకుని, మడమ బెణికిందని చెప్పాడు. మడమ బెణికిన పిల్ల ఐదుగుర్నెలా కొట్టిందని నేను లేచి అడిగాను. ఏ మడమ అని ఒక పెద్దాయన అడిగితే అతను కుడి అన్నాడు, కాదు ఎడమ అన్నాడు. అందరూ రిఫరీ గారి వైపు చూశారు. ఆయన కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నారు. ఆ సాయంత్రమే రిఫరీల జాబితాలోంచి ఆయన పేరు కొట్టేశారు. "ఆయ్" అన్నారు ఆయన. అంతే.

నేను గెలిచిన ఉత్సాహంలో మెట్లు దిగుతున్నాను. ముందు దిగిన ఆయన ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నారు. "మూడో మెట్టు విరిగిందండి. చూసుకుని దిగండి."

ఆ అవతలి కోచ్ కొన్నాళ్ళకి గల్ఫ్ వెళ్ళిపోయాడు. రిఫరీ గారు ఏదో తిన్నారని, అమ్ముడుపోయారని ఊళ్ళల్లో మాటలు నడిచాయి. నేనా మాట ఎప్పుడూ అనలేదు. ఎవరైనా అంటుంటే కాదని కూడా అనలేదు. సంతలో ఎదురైతే ఆయన సైకిలు దిగి "బాగున్నారా కోచ్ గారండీ, జట్టు ఎలాగుందండి" అని అడిగేవారు. నేను ఒక ముక్కలో జవాబు చెప్పి తప్పుకునేదాన్ని. ఆయన లేకుండా పోటీలు జరిగాయి. కొత్త రిఫరీలు వచ్చారు. ఎదురుగా నిలబడి అరిచేవాళ్ళు, నేనూ అరిచేదాన్ని. గొంతు పోయేది. ఇంటికొచ్చి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తుంటే, పక్కన నిలబడి మాట్లాడే మనిషి గుర్తొచ్చేవాడు. చిరాకేసేది.

ఏడేళ్ళు గడిచాయి. ఒక ఎండాకాలం వ్యాయామ టీచర్లకి శిక్షణ పెట్టారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిందట. "నన్ను గుర్తుపట్టలేదాండి మేడం? ఏడో నంబరండి. మిమ్మల్ని ఓడించేను" అని నవ్వింది. నేనూ నవ్వాను. అంత పాత ఓటమికి ఇంకా ఏడిస్తే బాగుండదు కదా. ఆ పిల్ల అన్నం కలుపుకుంటూ మాటల్లో పడి చెప్పుకుంటూ పోయింది.

ఆ రోజు ఆటలో ఉండగా తనకి నెలసరి వచ్చింది. తనకి తెలియలేదు. అది తెల్ల నిక్కరు. చుట్టూ అన్ని ఊళ్ళ మగవాళ్ళు. రిఫరీ గారు చూశారు. కోచ్‌కి చెప్పి దాచించారు. తలుపేసుకున్న ఆ ఇంట్లో తను ఏడుస్తూ ఇంక ఆడనంటే, బయటనుంచి కోచ్ అన్నాడట, 'ఎవరూ చూడలేదమ్మా, రిఫరీ గారు చూసి చెప్పేరు, ఆయన ఎవరికీ చెప్పరు, తలెత్తుకుని రా' అని. ఆ ఒక్క మాటతో వచ్చి ఆడింది. ఆ రోజు ఆడకపోతే జన్మలో మళ్ళీ గ్రౌండులో అడుగు పెట్టేదాన్ని కాదు, ఈ ఉద్యోగమూ ఉండేది కాదు అంది.

"మీరప్పుడు చాలా కోప్పడ్డారండి. ఎందుకో నాకు తెలీలేదు. అవునూ, ఆయన ఇప్పుడు ఏ పోటీకీ రావటం లేదేమండి?" అని అడిగింది.

నా విస్తట్లో అన్నం అలాగే ఉంది. చెయ్యి కడిగేసుకుని బయటికి వెళ్ళిపోయాను. ఆ పిల్ల ఏమనుకుందో! సాయంత్రం నేనే వెతుక్కుంటూ వెళ్ళి మొత్తం చెప్పాను, కాయితం సంగతీ, విచారణ సంగతీ. తన మూలంగా ఆయన పేరు పోయిందన్న సంగతి ఆ పిల్లకి అంతవరకూ తెలియదు. విన్నాక, నేనే ఒక కాయితం రాసి ఆ పెద్దలకిస్తాను మేడం అంది.

ఆ ఆదివారమే ఆయన ఊరు వెళ్ళాను. రిటైరయ్యి, కాలువ పక్క చిన్న డాబా ఇంట్లో ఉంటున్నారు. వీధరుగు మీద వార్తాపత్రిక చదువుకుంటున్నారు. కూర్చోమన్నారు. "ఆ రోజు ఎందుకాపేరో నాకు తెలిసిందండి" అన్నాను. ఆయన పత్రిక మడిచి పక్కన పెట్టారు.

"ఎవరు చెప్పేరండి?"

"ఆ అమ్మాయేనండి."

"తనంతట తనే చెప్పిందా? ఇంకెవరైనా అనుకుంటుంటే విన్నారా?"

"తనే చెప్పిందండి. ఇంకెవరికీ తెలీదు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ఆ మొహంలో అంత నిశ్చింత నేను ముందెప్పుడూ చూడలేదు. "బాగుందా అండి ఆ అమ్మాయి?" అన్నారు. బాగుందని, డ్రిల్లు టీచరైందని చెప్పాను. "అలాగా, అలాగా" అని రెండుసార్లు అన్నారు. నేను క్షమించమన్నాను. ఏడ్చాను కూడా. ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. "అయ్యో, తమరు కోచ్ అండి. కోచ్ అన్నాక అడగాలండి. అడక్కపోతే ఆ పిల్లల తరఫున ఎవరడుగుతారు?" అన్నారు. ఆ అమ్మాయి కాయితం రాసిస్తానంటోంది, మీ పేరు మళ్ళీ ఎక్కిస్తారు అన్నాను. అప్పుడు మాత్రం మొహం గట్టిపడింది.

"వద్దండి. ఆ కాయితం ఐదుగురు చదువుతారు. వాళ్ళు ఇంకో పదిమందికి చెప్తారు. పెళ్ళికావలసిన పిల్ల. ఏడేళ్ళు దాచింది దేనికండి, ఇప్పుడు నా పేరు కోసం పారబొయ్యడానికా? తమరు కూడా ఎవరికీ చెప్పనని మాటివ్వండి."

మాటిచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సిందా? ఈ ప్రశ్న నన్ను ఎన్ని రకాలుగా పీక్కుతిందో చెప్పలేను. ఆ అమ్మాయికి కూడా ఆయన మాట చేరవేశాను. అయిష్టంగానే ఒప్పుకుంది.

ఆ తర్వాత నెలకోసారైనా ఆయన్ని చూడ్డానికి వెళ్ళేదాన్ని. ఆటలు మారిపోయిన సంగతులు మాట్లాడుకునేవాళ్ళం. కోచ్‌లందరూ ఎలా ఉన్నారని పేరుపేరునా అడిగేవారు. ఆయన భార్య, నేను పిన్నిగారనేదాన్ని, కాఫీ తెచ్చి ఇచ్చేది. ఆవిడ ఎదురుగా కూర్చుంటే నాకు కాలు నిలిచేది కాదు. ఆవిడకీ ఏమీ తెలియదని మొదటి రోజే అర్థమైంది. ఒకసారి ఆయన పెరట్లో ఉండగా వంటింటి గుమ్మంలో నన్ను ఆపింది. "నువ్వు అక్కడ ఉన్నావు కదమ్మా. నిజం చెప్పు. ఆయన ఏమైనా తప్పు చేసేరా?" అంది. లేదు పిన్నిగారండీ, అన్నాను. మరెందుకు తీసేశారని అడిగింది. నేను మాట్లాడలేదు. ఆవిడ నా మౌనాన్ని ఎలా అర్థం చేసుకుందో నాకు తెలుసు. కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చే బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు.

ఆ రహస్యం ఎవరి పరువో కాపాడుతోంది, నిజమే. కానీ ఆ ఇంట్లోనే ఒక మనిషి రోజూ దాని కింద నలిగిపోతోంది. ఆయనకి ఇది తట్టలేదా? తట్టే ఉంటుంది. భార్యకి చెప్పినా బయటికి చెప్పినట్టేనని అనుకుని ఉంటారు. ఈ ఒక్క విషయంలో ఆయన చేసింది ఒప్పని నేను ఇప్పటికీ అనలేను. ఆయన ఉంటే నేను ఇదంతా అరిచి చెప్పేదాన్ని, ఆయన పక్కన నిలబడి అంతా విని "ఆయ్" అనేవారు.

ఆయన పోయిన సంగతి ఏడో నంబరు అమ్మాయికి నేనే ఫోను చేసి చెప్పాను. ఇప్పుడు తనకి పెళ్ళయింది, ఒక కూతురు. పెద్దకర్మ నాడు వస్తానంది. "ఇంక నేను ఎవరి మాటా విననండి మేడం. మీరు రాయండి. నా పేరు పెట్టినా నాకు ఫరవాలేదు" అంది. పేరు పెట్టడం లేదు. ఆయనకది ఇష్టముండదు. మైకులో చెప్పమని ఆ రోజు అరిచింది నేను. అందుకని ఈ రోజు చెప్పాల్సింది కూడా నేనే. ఆయన పక్షపాతం చూపించలేదు. తప్పు నాది.

మొన్న పెద్దకర్మకి ఇద్దరం కలిసి వెళ్ళాం. బయట పందిట్లో భోజనాలు జరుగుతున్నాయి. అప్పటి పెద్దల్లో బతికున్న ఇద్దరు కూడా వచ్చారు. పిన్నిగారు లోపలి గదిలో గోడకానుకుని చాప మీద కూర్చుంది. ఆ అమ్మాయి వెళ్ళి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తానెవరో చెప్పింది. తర్వాత ఆ రోజు జరిగిందంతా, ఒక్క ముక్క దాచకుండా, తలొంచుకోకుండా చెప్పింది. "ఆట ఆపింది నా కోసమండి. అది బయటపడకూడదని పేరు కూడా పోగొట్టుకున్నారండి" అంది.

పిన్నిగారు గోడ వదిలి ముందుకి జరిగింది.

"నాకైనా చెప్పలేదమ్మా" అంది. "అందరూ అంటుంటే నేనూ ఒకసారి అన్నాను, ఎవరి దగ్గరేం తిన్నారు అని. అన్నం తింటున్నారప్పుడు. లేచి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. మజ్జిగ వెయ్యమన్నారు."

పిన్నిగారు కళ్ళు తుడుచుకుని ఆ అమ్మాయి మొహంలోకి పరీక్షగా చూసింది, ఇప్పటి మనిషిని కాకుండా అప్పటి పిల్లని వెతుకుతున్నట్టు.

"ఎన్నేళ్ళమ్మా నీకప్పుడు?"

"పదహారండి."

"కడుపునెప్పి బాగా వచ్చిందా?"

అంతసేపూ గట్టిగా ఉన్న ఆ అమ్మాయి ఆ మాటకి ఆగలేకపోయింది. వంగి ఆవిడ ఒళ్ళో తల పెట్టేసింది. బయట పందిట్లో రెండో బంతికి విస్తళ్ళు పరుస్తున్నారు. పిన్నిగారి చెయ్యి, ఆ పొద్దున్నే గాజులు తీసేసిన చెయ్యి, ఆ అమ్మాయి నడుం మీద పైనుంచి కిందికి మెల్లగా రాస్తూనే ఉంది.